బెనోని

నిన్న కైకలూరు నుంచి ఏలూరు వస్తుంటే, నీళ్లు తోడేసిన చేపల చెరువు బురద వాసన బస్సులోకి కొట్టింది. మా నాన్న దగ్గర ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆయన కొల్లేరు పక్కన చెరువులకు కాపలా ఉండేవారు. ఆదివారాలు మా సంఘంలో బైబిలు చదివేవారు. అమ్మ నన్ను కని చనిపోయింది. నన్ను పెంచింది మామ్మ.

ఒక ఆదివారం సండేస్కూల్లో పాస్టరమ్మగారు బైబిలు వంశావళుల్లోని పేర్లకు అర్థాలు చెప్పారు. ఇస్సాకు అంటే నవ్వు, యూదా అంటే స్తుతి.

"మరి నా పేరు, బెనోని అంటే ఏంటండీ?" అని అడిగాను.

ఆవిడ చేతిలోని బైబిలు మూసేశారు. "మీ నాన్నగారిని అడుగు బాబూ" అన్నారు.

చెరువుగట్టుకు పరిగెత్తాను. నాన్న చేపలకు మేత వేస్తున్నారు.

"నా దుఃఖపు కొడుకు అని" అన్నారు, నావైపు చూడకుండానే.

ఆయన నోట కొడుకు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. నాకు అదొక్కటే వినిపించింది.

"మామ్మా, నాన్న నన్ను నా కొడుకు అన్నారే!" అంటూ ఇంట్లోకి గెంతాను. మామ్మ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దయ్యాక ఆ పేరు వెనకున్న కథ బైబిల్లో నేనే చదివాను. కొడుక్కి ఆ పేరు పెట్టింది కాన్పులో ప్రాణం పోతున్న రాహేలు. తండ్రి యాకోబు ఒప్పుకోలేదు. కుడిచేతి కొడుకు అనే అర్థంతో బెన్యామీను అని మార్చేశాడు.

మా అమ్మకు పేరు పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. నాకు బెనోని అని వెతికి పెట్టింది నాన్నే. బైబిల్లో ఆ రెండు పేర్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యం ఆయనకు చివరి మాటదాకా కంఠతా వచ్చు.