మల్లవ్వకు చదవని మూడు వాక్యాలు

1943. సిద్దిపేట ఆడపిల్లల బడిలో నేను పంతులమ్మగా చేరి అప్పటికి రెండో ఏడు. హైదరాబాదులో కాలేజీ చదువు చదివి వచ్చినదాన్నని బడి విడిచాక ఇంకో పని కూడా నామీద పడింది. యుద్ధం కోసం సైన్యంలో చేరిన కొడుకుల ఉత్తరాలను తల్లులకు మా ఇంటి వరండాలో చదివి వినిపించేదాన్ని. మా బాబుకు ఎనిమిది నెలలు. వాణ్ణి ఒళ్లో వేసుకునే చదివేదాన్ని. వాడి ఒళ్లు కాస్త వెచ్చగా తగిలినా నాకు కాలూ చేయీ ఆడేది కాదు.

ఎక్కువ ఉత్తరాలు రంగరూట్లవి. కొత్తగా చేరి, ఇంకా ట్రైనింగులో ఉన్న కుర్రాళ్లను అలా అంటారు. మల్లవ్వ కొడుకు ఎల్లయ్య వాళ్లలో ఒకడు. లష్కర్‌లో, అంటే సికింద్రాబాదులో ఉండేవాడు. సిద్దిపేటలో పొద్దున బస్సెక్కితే సాయంత్రంలోపు చేరే దూరం. మల్లవ్వ భర్త లేని మనిషి. ఇళ్లల్లో వడ్లు దంచి ఆ ఒక్క కొడుకునూ పెంచింది. ఎల్లయ్యకు రాయడం రాదు. పక్క మంచం కుర్రాడు రాసిపెట్టేవాడు.

రంగరూట్ల బతుకు నాకు ఆ ఉత్తరాల్లోనే తెలిసింది. తెల్లవారకముందే బ్యూగిల్ ఊదుతారు. ఎన్నడూ చెప్పులెరుగని పాదాలకు బూట్లు తొడిగితే మొదటి వారమే మడమలు పుండ్లయ్యాయట. ఎడమ కాలేదో తెలియక తడబడేవాళ్లకు ఆ కాలికి గుడ్డపీలిక కట్టి పరేడ్ చేయించారట. కిట్, అంటే సర్కారు ఇచ్చిన బట్టలూ దుప్పటీ పళ్లెమూ, మంచం మీద వరస తప్పకుండా పేర్చాలి. వంకర కనిపిస్తే హవల్దారు అంతా కిందికి తోసేస్తాడు.

"ఇంట్ల పండుకున్న చాప సుత ఎత్తకపోయేటోడు. గిప్పుడు దుప్పటి మడుస్తుండా!" అని మల్లవ్వ నవ్వింది. "ఏం తింటుండో చదువు, పంతులమ్మా."

"గోధుమ రొట్టెలట. జొన్నగట్క యాదికొస్తుందట."

"రాదా మరి! ఈడున్నప్పుడు గట్క జూస్తె మూతి ముడిచేటోడు."

నాకొక పద్ధతి ఉండేది. బాధపెట్టే మాట వస్తే దాటేసేదాన్ని. సూదులు వేశాక చేయి వాచిందన్నా, హవల్దారు కొట్టాడన్నా చదివేదాన్ని కాదు. తల్లి ఏడిస్తే చూడలేకపోయేదాన్ని. అది దయ అనుకున్నాను.

వానాకాలంలో, ఒక గురువారం, ఎల్లయ్య మూడో ఉత్తరం వచ్చింది. చివర మూడు వాక్యాలున్నాయి. వారం నుంచి జ్వరమని, ఆసుపత్రిలో పెట్టారని, ఈ ఆదివారం ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు కాబట్టి అవ్వను ఒక్కసారి రమ్మని. ఆ రోజు మా బాబుకూ ఒళ్లు కాలిపోతోంది. వాణ్ణి దగ్గరకు పొదువుకుని అక్కడే ఆగాను.

"ఆగినవేంది?" అంది మల్లవ్వ.

"సర్కారోళ్లు నల్లసిరా పూసిన్రు, మల్లవ్వా. కనపడ్తలేదు."

సైన్యం సంగతులు బయటికి పొక్కకుండా ఉత్తరాల్లో కొన్ని మాటల మీద సిరా పూసేవారు. దాన్ని సెన్సారు అంటారు. ఎల్లయ్య మొదటి ఉత్తరంలో అలాంటి మరక ఒకటి ఉంటే నేనే ఆమెకు చూపించాను.

"వాడు మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

బాబు జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. ఎల్లయ్యకూ తగ్గే ఉంటుందనుకున్నాను. తగ్గిందని రాస్తాడు, అప్పుడు రెండూ కలిపి చెబుదామనుకున్నాను. ఉత్తరం రాలేదు, టెలిగ్రాం వచ్చింది. న్యుమోనియాతో ఎల్లయ్య ఆసుపత్రిలోనే పోయాడు. యుద్ధం వాడు చూడనే లేదు.

దినాలు అయ్యాక మల్లవ్వ వచ్చింది. కొంగుముడి విప్పి మూడో ఉత్తరం తీసి, వెలుతురుకు పట్టింది.

"నాకు అక్షరాలు రావు, పంతులమ్మా. మరక కనపడ్తది గద. గిండ్ల నల్లసిరా ఏడున్నది?"

సిరా పూయలేదని, నేనే చదవలేదని ఒప్పుకున్నాను.

"చదువు. ఉన్నదున్నట్టు చదువు."

చదివాను.

"గది ఏ ఐతారం?"

చెప్పాను. వేళ్లు మడుచుకుంటూ వెనక్కి లెక్కపెట్టుకుంది.

"ఆ దినం పని లేకుండె. వాన పడ్తుంటె ఊకెనే ఇంట్ల కూసున్న." ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచింది. "పిలిస్తె సుత అవ్వ రాలేదనుకోనే పోయిండు, నా కొడుకు."

నన్ను ఒక్క మాట తిట్టలేదు. మళ్లీ మా వరండాకు రాలేదు. ఆమె చదివించుకోవాల్సిన ఉత్తరం ఇక లేదు.

ఇది జరిగి మూడేళ్లు. బాబు నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. వాడు రేపు ఎక్కడో జబ్బుపడి నన్ను పిలిస్తే, నేను తట్టుకోలేనని ఎవరైనా ఆ మాట దాచితే? ఆ మనిషిని నేను క్షమించను. ఉత్తరం ఎవరి పేర వస్తే దానిలోని బాధ కూడా వాళ్లదేనని, అందులోంచి ఏరి ఇచ్చే హక్కు చదివేవాళ్లకు లేదని నాకు ఎల్లయ్య పోయాక తెలిసింది. ఇప్పుడు ప్రతి మాటా చదువుతాను. చదవలేక ఆగితే నీళ్లు తాగి మళ్లీ చదువుతాను. తల్లి ఏడిస్తే పక్కన కూర్చుని, లష్కర్ బస్సు ఎన్నింటికో చెబుతాను.