నాలుగు ఊయలలు, ఒక కొండ సరస్సు

ఆ రోజుల్లో నాకొక గట్టి విశ్వాసం ఉండేది. ఏ పనినైనా ముందుగా తెల్లకాగితం మీద శీర్షికలుగా, ఉపశీర్షికలుగా విడగొట్టి వ్రాసుకుంటే ఇక అందులో పొరపాటుకు చోటుండదని. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి కావడం చేత, ఈ విశ్వాసాన్ని సరిదిద్దగలవారు ఇంట్లో ఎవరూ లేకపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో దేవరకొండలోని ఒక ప్రైవేటు పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాను. (పిల్లలకు నేను ఉత్త 'సోషల్ సారు'ను, హాజరుపట్టీలో మాత్రం సంతకం కింద డిగ్రీని కూడా వ్రాసుకునేవాణ్ణి.)

ఆ వేసవి సెలవుల్లో మేము నలుగురు ఉపాధ్యాయులం హిమాలయాల్లో బాగా ఎత్తున ఉన్న ఒక సరస్సుకు వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. లెక్కల సారు ఫోనులో దాని ఫొటో చూపించిన క్షణాన పుట్టిన ఆలోచన అది. నీలంగా నిలిచిన నీరు, వెనుక మంచుకొండ. సరస్సు ఒడ్డునే రాత్రులు గడపాలని డ్రిల్లు సారు పట్టుబట్టాడు. డేరాలు మోయడం బరువు కనుక హ్యామక్‌లు, అంటే రెండు చెట్ల నడుమ కట్టుకొని పడుకునే గుడ్డ ఊయలలు, తీసుకుపోదామని ప్రతిపాదించినవాణ్ణి నేను. ప్రణాళిక వ్రాసే బాధ్యత సహజంగానే నా మీద పడింది. పద్నాలుగు పేజీలు వ్రాశాను. ఎవరి ఊయల ఎవరి పక్కన ఉండాలో, గురక పెట్టే సైన్సు సారు గాలికి ఏ దిక్కున పడుకోవాలో, తాడుకు ఏ ముడి వేయాలో, ఆ ముడిని పొద్దున విప్పవలసినది ఎవరో, అన్నీ అందులో ఉన్నాయి. రెండు చెట్ల మధ్య ఎన్ని అడుగుల దూరం ఉండాలో వ్రాసి, దాని కింద ఎర్రసిరాతో గీత కూడా గీశాను. రైలు టికెట్లు తీసుకున్నాము. బడిలో అందరికీ చెప్పుకున్నాము.

ఊయలలు పార్సిల్‌లో మర్రిగూడ దగ్గరి మా ఊరికే వచ్చాయి. పొట్లం విప్పగానే మొదట నిర్ఘాంతపోయినది మా అవ్వ.

"ఏందిరో ఇవి? తొట్టెళ్ళా!" ఆమె చేయి నోటి మీదికి పోయింది. "పెండ్లి గాకముందే నాలుగు తొట్టెళ్ళు తెస్తివేందిరా! వాడకట్టోళ్ళు జూస్తే ఏమనుకుంటరు? జల్ది లోపల వెట్టు!"

అవి మా కోసమేనని వివరించాను. దానితో ఆమె భయం రెట్టింపయింది. "సదువు జెప్పే సార్లు తొట్టెళ్ళ పండుకుంటరా?" అని ఆ పూటంతా నా వైపు జాలిగా చూసింది.

ఆదివారం పొద్దున మిగిలిన ముగ్గురూ మా ఊరికి వచ్చారు. (ప్రణాళికలో దీని పేరు 'పూర్వాభ్యాసం'.) గొర్లదొడ్డి ముందున్న వేపచెట్లకు ఊయలలు కట్టుకుని నలుగురమూ పడుకున్నాము. మందను తోలడానికి బయలుదేరిన నాయిన భుజాన గొంగడితో వచ్చి మా మధ్య నిలబడ్డాడు. ఎండాకాలమంతా గొర్లతో ఊళ్ళూ అడవులూ తిరిగి ఆరుబయట పడుకునే మనిషి ఆయన. అయినా ఈ విషయంలో ఆయనను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

"మీరు పోయే చెరువు ఎట్లుంటదో జర సూపియ్యి బిడ్డా" అన్నాడు. గర్వంగా ఫోను అందించాను.

"నీళ్ళు తాగొచ్చునా?" (ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మా మర్రిగూడ వైపు ఏ నీటిని చూసినా మొదట వచ్చే ప్రశ్న అదే.)

"తాగొచ్చు నాయినా. మంచు కరిగిన నీళ్ళు."

ఆయన ఫోనును దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం జరిపాడు, తువ్వాల కొసతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "బిడ్డా, నన్నొకసారి నల్లగొండ దవాఖానకు తోల్కపో."

"ఏమైంది నాయినా?"

"కండ్లు పోతున్నట్టున్నయి. నువ్వు తొట్టెల గట్టే చెట్లు గీ ఫొటోల నాకు ఒక్కటి గూడ కనవడ్తలేదు."

నాలుగు ఊయలలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. లెక్కల సారు తన ఫోను తీసి, ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి మూలమూలలా వెతికాడు. రాళ్ళు, గడ్డి, నీళ్ళు, మంచు. లేచి కూర్చోబోయిన డ్రిల్లు సారు ఊయలతో సహా తిరగబడి గొర్రె పెంటికల మీద పడ్డాడు. సైన్సు సారు గొంతు మాత్రం గుడ్డలోంచి వినిపించింది: "సోషల్ సారూ, ఎత్తుకు పోయినకొద్ది చెట్లుండయి, గడ్డే ఉంటదని తొమ్మిదో తరగతికి జెప్పింది మీరే గదా? నేను పక్క క్లాసుల్నే ఉంటి."

నిజమే. రంగు సుద్దలతో బొమ్మ గీసి మరీ చెప్పాను. పరీక్షలో కొండ కొనమీద చెట్టు గీసిన ఒక అమ్మాయికి మార్కు కూడా తగ్గించాను. ఇక నన్ను కాపాడగలిగినది ఒక అబద్ధమే, దానిని కూడా నాయినే అందించాడు.

"మావోడు తప్పు రాయడు సారూ. ఫొటో దియ్యకముందుగాల చెట్లు కొట్టేసిర్రేమో. లేకుంటె నా కండ్లే ఖరాబయినయి."

ఊఁ అంటే చాలు, నా పరువు నిలిచేది. కాని రెండు చేల అవతల దారి తప్పిన గొర్రెను గుర్తుపట్టే కళ్ళు అవి. ఆ కళ్ళను నమ్ముకునే ఆయన మమ్మల్ని పెంచాడు. ఆయన వాటిని అనుమానిస్తూ ఇంకోసారి తుడుచుకున్నాడు.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి నాయినా. అక్కడ చెట్లు లేవు. నేనే సూడలే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కనిపించినంత ఆశ్చర్యం అంతకు ముందెన్నడూ చూడలేదు.

"సూడలేదా? గన్ని కాయితాలు రాస్తివి గదరా!"

"రాసిన. సూడలే."

"ఓరి నీ పాసుగూల! మంద దోలెటోడు గూడ ముందుగాల ఒక మనిషిని తోలి, నీళ్ళు యాడున్నయి, నీడ యాడున్నది, పండుకునేటందుకు జాగ ఉన్నదా అని అర్సుకుంటడు గదరా! ఏం సదివినవ్ రా నువ్వు?"

"బాపూ, మీరు గూడ మాతోని రాండ్రి" అన్నాడు డ్రిల్లు సారు, కింద కూర్చునే. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వుతూ, ఇంకా తిడుతూనే, గొర్ల వెంట వెళ్ళిపోయాడు.

డిగ్రీ పట్టా ఇంటికి వచ్చిన నాటి నుండి ఆయన నన్ను తిట్టడం మానుకున్నాడని నాకు ఆ తిట్లు వింటుంటేనే తెలిసింది. చదువుకున్నవాడిని ఏమనగలం అనుకున్నాడేమో. డేరాలు మోసుకుని మేము ఆ సరస్సుకు వెళ్ళి వచ్చాము. అది చాలా అందంగా ఉంది, అయినా నాకు ఎక్కువగా గుర్తున్నది అది కాదు. ఆ తరువాత నేను ఏ ముఖ్యమైన కాగితం వ్రాసినా ముందుగా నాయినకు చదివి వినిపించేవాణ్ణి. ఆయన గొంగడి సర్దుకుని, చివరిదాకా విని, ఏ మొహమాటమూ లేకుండా "ఇదేం రాత రా" అనేవాడు. తండ్రి చేత ఆ మాట అనిపించుకోవడానికి పనిగట్టుకుని కాగితాలు వ్రాసుకున్న ఆ పడుచు ఉపాధ్యాయుణ్ణి తలచుకుంటే, ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.