మా అత్త షుగరు మిషనూ, నా మడమ నొప్పీ

ఆ రోజుల్లో నాకు చీకటంటే భయం లేదు, బల్లులంటే భయం లేదు, నేను పనిచేసే మిఠాయి కొట్టు సేటు అరుపులంటే అసలే లేదు. పొద్దున్నే మంచం దిగాలంటే మాత్రం చెప్పలేనంత భయం. ఇరవై మూడేళ్ల పిల్ల, గుండ్రాయిలా ఉన్న పిల్ల, మెలకువ వచ్చాక కూడా పది నిమిషాలు మంచం మీదే పడుకుని తన పాదాల వంక దొంగచూపులు చూస్తూ ఉండేదంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. అదంతా మొదటి అడుగు గురించి. కుడి పాదం నేల మీద ఆనించగానే మడమలోకి ఎవరో మేకు దించినట్టు ప్రాణం జివ్వుమనేది. గోడ పట్టుకుని, పళ్లు బిగపట్టి ఓ ఇరవై అడుగులు వేస్తే నొప్పి మెల్లగా సర్దుకునేది. వేరేవాళ్లయితే అమ్మయ్య, తగ్గింది అనుకుంటారు. నేను మాత్రం, తగ్గిందంటే లోపల ఏదో చచ్చిపోతోందన్నమాట అనుకునేదాన్ని. (భయపడటంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి ప్రతిభ ఉంది.)

అప్పట్లో నేను చింతాద్రిపేటలో మా అత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్త అంటే మా నాన్నకు అక్క. మా అమ్మా నాన్నా గుమ్మిడిపూండి దగ్గర ఉండేవాళ్లు. నాకు సౌకార్‌పేటలో మిఠాయి కొట్టులో పని దొరికింది కాబట్టి అత్త దగ్గర చేరాను. మావాళ్లు ఎన్ని తరాల కిందట మద్రాసు వచ్చారో ఎవరికీ తెలియదు. అత్త వీధి పంపు దగ్గర అరవంలో పోట్లాడి, ఇంట్లోకి వచ్చి తెలుగులో ఆయాసపడేది. ఆమెకు ఇరవై ఏళ్లుగా షుగరు. దాని పుణ్యమా అని ఎడమకాలి బొటనవేలు తీసేశారు. "నా బొటనవేలు పెద్దాసుపత్రిలో ఉండాది, మిగతా నేను ఈడ ఉండా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వించేది. అందరూ నవ్వేవాళ్లు గానీ నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ వేలు లేని చోటును చూడకుండా ఉండలేను, చూస్తే అన్నం దిగదు. పైగా ఒకరోజు కందిపప్పు ఏరుతూ, సాయంత్రం వానొస్తుందేమో అన్నంత తేలిగ్గా, "ఇది మన వంశంలో ఎవురికీ తప్పదే. మీ తాతకి వచ్చె, నాకు వచ్చె, మీ నాయనకి వస్తాది. ఆ తరవాత నువ్వే" అనేసింది. ఆమె ఆ మాట అని మరిచిపోయింది. నేను మరవలేదు.

కొట్టులో నా పని వెనక గదిలో పెట్టెలు నింపడం. తినే వస్తువులుండే గది కాబట్టి చెప్పులు బయట విడవాలి. పొద్దున తొమ్మిదింటికి కడప రాయి మీద నిలబడితే సాయంత్రం ఆరుదాకా వట్టికాళ్లతో నిలబడటమే. ఒక స్టూలు ఉండేది గానీ దాని మీద ఎప్పుడూ నెయ్యి డబ్బా కూర్చునేది. ఈ కష్టాలన్నింటికీ మందులాంటి ఆచారం ఒకటి ఆ కొట్టులో ఉంది: విరిగిన మిఠాయి పనివాళ్లది. పగిలిన లడ్డు, కొస తెగిన జిలేబీ, అంచు రాలిన మైసూరుపాకు, అన్నీ మనవే. చేరిన కొత్తలో రోజుకు రెండో మూడో విరిగేవి. చెయ్యి తిరిగాక, ఏది ఎక్కడ పట్టుకుంటే ఎలా విరుగుతుందో నాకు బాగా తెలిసిపోయింది. "నువ్వు వచ్చినాక నా లడ్డూలకి బలం పోయింది, ఎందుకమ్మా?" అని సేటు తన హిందీ కలిసిన అరవంలో నిజంగానే బాధపడుతూ అడిగాడు. నా బలం మాత్రం పెరిగింది. రెండేళ్లలో అరవై రెండు కిలోలనుంచి ఎనభై ఆరుకు చేరుకున్నాను. ఆ కిలోలకూ ఈ మడమకూ ఏదైనా చుట్టరికం ఉంటుందని నాకు తట్టనే లేదు. కాలికి ఏమైనా వస్తే అది షుగరే, షుగరైతే వేలు పోవడమే. మా ఇంట్లో నేను నేర్చుకున్న వైద్యం అంతే.

ఒక శుక్రవారం సాయంత్రం అత్త గుడికి వెళ్లింది. నేను అప్పుడే కొట్టునుంచి వచ్చాను, ఆ రోజంతా జిలేబీలే సర్దాను. ఇంట్లో ఎవరూ లేరు. బీరువా మీదున్న అత్త షుగరు మిషను దించాను. ప్రతి మంగళవారం అత్త చేసుకుంటుంటే చూస్తున్నదే కాబట్టి పని తెలుసు: కొత్త సూది వెయ్యడం, వేలు గుచ్చడం, పట్టీకి నెత్తురు బొట్టు అంటించడం. అయిదు లెక్కపెట్టేలోపు మిషను కుయ్యిమంది. నాలుగువందల ముప్ఫై ఎనిమిది! అత్తకు వేలు తీసిన నెలలో కూడా మూడువందల ఎనభై దాటలేదని ఆమె నోటనే విన్నాను. మిషను పొరపాటు పడిందేమోనన్న చిన్న ఆశతో పక్క వేలు గుచ్చాను. అయిదువందల పన్నెండు. అంటే ఒక్క నిమిషంలో నా రోగం ఇంకా ముదిరిందన్నమాట! మిషను తుడిచి, ఉన్నచోటే పెట్టి, వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్త వచ్చి, "ఏందే, లైటు కూడా వేసుకోకుండా?" అంటే తలనొప్పి అన్నాను.

ఆ తరువాతి నాలుగు రోజులు నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. చెబితే నాన్న వచ్చి ఊరికి తీసుకుపోతాడు, పని పోతుంది. అంతకంటే పెద్ద భయం, నోరు విప్పి చెబితే అది నిజమైపోతుందని. అందుకని ఎవరికీ చెప్పలేదు. కొట్టులో లడ్డు దానంతట అదే విరిగినా ముట్టలేదు. పొద్దున్నే మెంతుల నీళ్లు, మధ్యాహ్నం కాకరకాయ. దోమ కుట్టినా సరే, పుండు పడుతుందేమోనని గంటకోసారి పాదం తిప్పి చూసుకునేదాన్ని. బస్సులో ఒకాయన పొరపాటున నా కాలు తొక్కితే నేను పెట్టిన కేకకు డ్రైవరు బస్సే ఆపేశాడు. అందరూ దిగి చక్రాల కింద వెతికారు. కాలు తీస్తే మడమ దాకానా, మోకాలి దాకానా అని పెట్టెలకు దారం కడుతూ ఆలోచించేదాన్ని. మూడోరోజు మరీ దుఃఖం వచ్చి, పోయేలోపు వీటికి ఒక్కసారైనా ముచ్చట తీర్చాలని ఎర్ర రంగు కొనుక్కొచ్చి పది గోళ్లకూ వేశాను. కుడి బొటనవేలికి రెండుసార్లు వేశాను, ముందు పోయేది అదేనని.

మంగళవారం సాయంత్రం అత్త తన షుగరు చూసుకోవడానికి కూర్చుంది. డబ్బా తెరిచి, "ఏందిది, రెండు పట్టీలు తక్కువ ఉండాయే?" అని తలెత్తింది. ఆమె చూపు నా మొహం మీదనుంచి మెల్లగా నా కాళ్ల మీదకు దిగింది.

"ఎవురికోసమే ఈ సోకు?"

అంతే, నా ఏడుపు కట్ట తెగింది. "నా కాలు తీసేస్తారత్తా! నాకు అయిదొందల పన్నెండు ఉండాది!"

అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. తరువాత చాలా నెమ్మదిగా అడిగింది. "ఎప్పుడు చూసినావు?"

"శుక్రవారం. పనినుంచి వస్తానే."

"చేతులు కడిగినావా?"

"దుపట్టాకి తుడుచుకున్నా."

అత్త నా చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. (అప్పుడూ పనినుంచి వచ్చి పావుగంటే అయింది.) "అడీ పైత్యకారీ!" అని అరిచింది. అరవంలో తిట్టిందంటే ఆమెకు ప్రాణం లేచివచ్చిందని అర్థం. "పొద్దస్తమానం పాకంలో నానిన వేలు పెట్టి చూస్తే మిషను ఏం చెప్పతాది? జిలేబీకి షుగరుండాదని చెప్పతాది!" నన్ను పంపు దగ్గరికి ఈడ్చుకుపోయి, గిన్నెలు తోమినట్టు సబ్బు పెట్టి రెండు చేతులూ తోమి, తుడిచి, తనే వేలు గుచ్చింది. నూట నాలుగు. నేను నమ్మలేదు. ఇంకో వేలు గుచ్చింది. నూట ఒకటి.

"అయితే ఈ నొప్పేంది అత్తా? పొద్దున కాలు కింద పెడితే ప్రాణం పోతా ఉండాదే!"

అత్త చేస్తున్న పని ఆపేసింది. "నొప్పి ఉండాదా? బాగా తెలస్తా ఉండాదా?" అంటూ కింద చతికిలబడి, నేను వద్దు వద్దంటున్నా నా పాదం ఒళ్లోకి తీసుకుంది. మడమ నొక్కింది. నేను కెవ్వుమన్నాను. ఆమె నవ్వింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఆమె కళ్లలో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను.

"నా కాల్లో గాజుపెంకు దిగె. షుగరుకి మొద్దుబారిన కాలు, నాకు తెలీలేదే. రోజంతా దాంతోనే తిరిగినా. ఇంట్లో ఎర్ర మరకలు చూసి, కుంకం తొక్కింది ఎవురని అందరి మీదా అరిచినా. అది నా రత్తమే. కొంచం నొప్పి పుట్టుంటే అప్పుడే చూసుకోనుండనా? నీది నొప్పి పుట్టే కాలు. దానికేం కాదు, పో." తన వేలి గురించి అత్త నవ్వించకుండా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

మరునాడు వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నన్ను కాటా మీద నిలబెట్టి, ఆ అంకె చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "నీ కాళ్లలో ఏ తప్పూ లేదమ్మా. వాటి మీద ఉన్నదాంట్లో ఉంది" అంది. అరికాలి కింద మడమనుంచి వేళ్లదాకా ఒక పట్టీలాంటిది ఉంటుందట. అడుగు వేసిన ప్రతిసారీ ఒళ్లంతటి బరువూ దాని మీదే పడుతుందట. పెరిగిన బరువుతో, రాయి మీద వట్టికాళ్లతో రోజంతా నిలబడితే అది లాగి లాగి వాచిపోతుంది, పడుకున్నప్పుడు బిగుసుకుని, పొద్దున మొదటి అడుగుకు ప్రాణం తీస్తుంది. మంచం దిగేముందు పాదం చేత్తో వెనక్కి లాగి సాగదీయమంది, మెత్తటి రబ్బరు చెప్పులు లేకుండా నిలబడొద్దంది, బరువు తగ్గమంది. "ఇట్లే తింటా ఉంటే మీ అత్తకున్న షుగరు నీకూ వస్తుంది" అని చివర్లో మెల్లగా అంది. ఆ మాటకు నేను మళ్లీ వణికాను. ఈసారి వణుకు పనికొచ్చింది.

గదిలోపలే ఉంచుకునే చెప్పులకు సేటు ఒప్పుకున్నాడు, విరిగిన మిఠాయి నేను ముట్టనని మాట ఇచ్చాక. అత్తవీ నావీ ఒకే రకం నల్ల చెప్పులు, ముసలివాళ్లు వేసుకునేవి. ఇంటి దగ్గరికి అలాంటిదే ఇంకో జత కొన్నాక, ఇద్దరం పొద్దున్నే పార్కు చుట్టూ నడిచేవాళ్లం, ఆమె ముందు, నేను రొప్పుతూ వెనక. అప్పటినుంచి అత్త రోజూ ఒకటే అడిగేది. "నొప్పి ఉండాదా?" ఉంది అంటే మొహం విప్పారేది, ఇంకో చుట్టు తిప్పేది. ఏడెనిమిది నెలలకు పది కిలోలు దిగాయి. ఒకరోజు పొద్దున అడిగితే, "లేదత్తా, అస్సలు లేదు!" అని గంతులేస్తూ చెప్పాను. అత్త మొహం వాడిపోయింది. లోపలికి వెళ్లి చీపురుపుల్ల తెచ్చి, నా మడమలో కసుక్కున పొడిచింది. నేను వీధంతా వినపడేలా అరిచాను. "సరి, సరి" అని పుల్ల పారేసి, తృప్తిగా కాఫీ పెట్టడానికి వెళ్లింది.

అత్త పోయి నాలుగేళ్లయింది. దిగిన పది కిలోల్లో ఆరు మళ్లీ దారి కనుక్కుని వచ్చేశాయి. ఏడాదికోసారి షుగరు చూపించుకుంటాను, చేతులు రెండుసార్లు కడుక్కుని మరీ. ఇప్పటిదాకా రాలేదు, భయం మాత్రం పోలేదు. కొన్ని పొద్దుల్లో మంచం దిగగానే మడమ మళ్లీ చురుక్కుమంటుంది. ఈ నొప్పికే కాలు పోతుందని గోళ్లకు రంగు వేసుకుని ఏడ్చిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. గోడ పట్టుకుని, అడిగేవాళ్లు ఎవరూ లేని ఆ గదిలో, పైకే అంటాను.

"ఉండాదత్తా."