చెయ్యని పనికి సంతకం

"మాతాజీ, మీ పని అయిపోయింది. కంప్యూటర్లో కంప్లీట్ అని చూపిస్తోంది."

"ఏటి అయిపోయింది? పొద్దున్న ఆ గొయ్యి చూసుకునే బయల్దేరేను. మీ కంప్యూటర్ ఎప్పుడొచ్చి చూసిందేటి?"

"అరవకండి మాతాజీ. మీ సంతకం కూడా ఉంది."

"ఉంటే? నా సంతకం మీద మనిషి నడుస్తాడా?"

నా వెనక లైన్లో ఉన్నోళ్ళు నవ్వేరు. ఒకాయన, "సహీ బాత్ హై అమ్మా" అని వత్తాసు పలికేడు. ఈ మాటలన్నీ హిందీలో అయినవే, నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను. కిటికీ అవతలున్న పిల్ల మాత్రం నవ్వలేదు. కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. అందులో ఒక కాగితం ఫోటో. అడుగున వంకరగా తెలుగు అక్షరాలు. ఆ కార్పొరేషన్ ఆఫీసు కాగితాలన్నీ వెతికినా తెలుగులో సంతకం ఇంకోటి దొరకదేమో. నాది కాదని చెప్పడానికి లేదు.

ఆ సంతకం ఎందుకు పెట్టేనో చెప్పాలి.

నేను నాలుగో తరగతి దాకే చదివేను. పెళ్ళయ్యి భిలాయి వచ్చేక హిందీ మాట్లాడ్డం వచ్చింది గానీ రాయడం రాలేదు. మా ఆయన స్టీల్ ప్లాంట్లో క్రేన్ నడిపేవారు. సెక్టర్ రెండులో క్వార్టర్. కుళాయి కారినా, తలుపు గెడ ఊడినా మెయింటెనెన్స్ ఆఫీసుకెళ్ళి రిజిస్టర్లో రాయిస్తే ఫిట్టర్ వచ్చేవాడు. వస్తూనే చీటీ మీద సంతకం పెట్టించుకునేవాడు. చీటీలన్నీ మధ్యాహ్నం లోపల ఆఫీసులో ఇచ్చీయాలి, పని మాత్రం భోంచేసి వచ్చి చేసేవాడు. ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టి ఎక్కడికెళ్తాడు, వాళ్ళావిడా నేనూ ఒకే రేషన్ లైన్లో నిలబడేవాళ్ళం. అంచేత మా సెక్టర్లో ఆడవాళ్ళందరం ముందు సంతకం పెట్టి, తరవాత పని చేయించుకునేవాళ్ళం. అది మాకు తప్పుగా తోచలేదు.

రిటైరయ్యేక క్వార్టర్ ఖాళీ చేసి, భిలాయిలోనే కోహ్కా అనే పేటలో ఈ చిన్న ఇల్లు కొనుక్కున్నాం. గేటు ముందరే మురిక్కాలవ, దాని మీద సిమెంటు పలకలు. వానలకి ముందు కాలవ పూడిక తియ్యడానికి కార్పొరేషన్ మిషన్ వచ్చింది. పూడిక తీసి, మా గేటు ముందు పలకని రెండు ముక్కలు చేసీసి వెళ్ళిపోయింది. గట్టున పోసిన బురద గుట్ట ఎండిపోయింది, దుమ్మయిపోయింది. గొయ్యి అలాగే ఉండిపోయింది.

నాకైతే దాటుకుని వెళ్ళిపోవడం ఎంతసేపు. బాధంతా మా ఆయనతోటే. సుగర్ వల్ల ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదాంట్లో మంచు పట్టినట్టు కనపడుతుంది. అయినా రోజూ పొద్దున్న కర్ర పట్టుకుని వీధి మలుపు దాకా ఒక్కరే వెళ్ళి వచ్చేవారు. గేటు నుంచి ఎన్ని అడుగులో, మలుపు దగ్గర ఎటు తిరగాలో అన్నీ లెక్కే. రోజంతట్లో ఎవరి సాయం లేకుండా ఆయన చేసే పని అదొక్కటే. గొయ్యి పడ్డాక అది కూడా పోయింది. పాత తలుపు చెక్క ఒకటి అడ్డంగా వేసేను. కాలు పెట్టగానే కదిలింది, ఆయన గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయేరు. చెయ్యి పట్టుకుంటానంటే, "చిన్నపిల్లాడినేటి నేను?" అని లోపలికెళ్ళి మంచం మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి గుమ్మం దిగలేదు. అడిగినదానికి తప్ప మాట లేదు.

మా మనవరాలు మా దగ్గరే ఉండి కాలేజీకి వెళ్తుంది. దాని ఫోన్లోంచి కంప్లైంట్ పెట్టింది. ఒక నంబరు వచ్చింది. కొన్నాళ్ళకి మోటారు సైకిల్ మీద ఒకతను వచ్చి గొయ్యికి ఫోటో తీసుకున్నాడు. "పలక రేపొస్తుంది మాతాజీ, ఇక్కడ సంతకం పెట్టీండి, మళ్ళీ మళ్ళీ తిరగలేను" అన్నాడు. ఎండలో వచ్చేడు కదా అని మంచినీళ్ళు ఇచ్చి మరీ సంతకం పెట్టేను. ఆ రేపు రాలేదు. వానలొచ్చేయి, వెళ్ళేయి. మనవరాలు ఫోన్ చూసి, "మామ్మా, కంప్లీట్ అని వచ్చీసింది" అంటే అప్పుడు బయల్దేరేను ఆఫీసుకి.

కిటికీ దగ్గర పిల్ల చెడ్డది కాదు. లైన్ తగ్గేక నన్ను పక్కకి పిలిచి, మా ఆయన సంగతంతా వింది. అయిపోయిన కంప్లైంట్ మళ్ళీ తెరవడం కుదరదట. కొత్తది పెడితే అన్నిటికన్నా అడుక్కి వెళ్తుందట. "ఒక దారి ఉంది. ఎవరైనా పడ్డారంటే అది వేరే ఫైలు. అదే రోజు సాబ్ చూడాలి, మర్నాటికి పని అయిపోవాలి. బాబూజీ గొయ్యిలో పడ్డారని రాసి ఇవ్వండి" అంది.

"పడలేదమ్మా."

"తెలుసు. రాయండి అంతే. నాలుగు గంటల్లోపు తెండి."

ఇల్లు బాగు చెయ్యమంటే కూలిపోయిందని రాయాలన్నమాట. ఆటో దిగి ఇంటికొచ్చి ఆయనకి చెప్పేను.

"నేను పడ్డానా?" అన్నారు.

"పడలేదు."

"మరి?"

"అలా రాస్తేనే పని అవుద్దంట."

"ముప్పై నాలుగేళ్ళు క్రేన్ ఎక్కి దిగేను. నా పేరు మీద ఒక్క యాక్సిడెంట్ లేదు. ఇప్పుడు మురిక్కాలవలో పడ్డానని రాయించుతావేటి?"

మనవరాలు మధ్యలో వచ్చింది. "కాగజ్ మీదే కదా తాతా. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానే!"

ఆ కళ్ళతో ఆయన ఆ మాట అనడం విని నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆయన మొహం చూస్తే నవ్వేలా లేదు.

"మనమే ఒక పలక పోయించుకుందాం, పీడా పోతుంది" అన్నారు మళ్ళీ.

"పక్కింటోళ్ళు పోయించుకోలేదేటి? దాన్నీ కిందటేడు అదే మిషన్ వచ్చి విరక్కొట్టింది. విరక్కొట్టినోళ్ళే వెయ్యాలి. నేనైతే పోయించను" అన్నాను. నేను పిసినారినని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. వాళ్ళ పని వాళ్ళు చెయ్యకపోతే నేను చేసి పెట్టడం అలవాటైతే, ఇంక వాళ్ళు ఏ పనికీ రారు.

గడియారం చూసేను. రెండు దాటింది.

"అయితే నేను పడ్డానని రాయి" అన్నాను మనవరాలితో.

అది నా వంక చూసింది. "మామ్మా! చిన్నప్పుడు అబద్ధం చెప్పేనని అట్లకాడతో కొట్టేవు నన్ను."

"రాయవే."

"ఏ కాలు?"

"ఏదో ఒకటి."

"అలా కాదు, అడుగుతారు వాళ్ళు."

"ఎడమ."

సగం వాడిన నోట్స్ కాగితం వెనక రాయమన్నాను, వెనకంతా ఖాళీయే కదా. "ఆఫీసుకి ఇచ్చేది మామ్మా, ప్లీజ్" అని తెల్ల కాగితం తీసింది. హిందీలో రాసి చదివి వినిపించింది. ఫలానా వీధిలో ఉంటున్న నేను, విరిగిన పలక వల్ల కాలవలో పడి, ఎడమ కాలికి దెబ్బ తగిలి. వింటుంటే ఎవరి గురించో అన్నట్టుంది. కింద మళ్ళీ అవే అక్షరాలు పెట్టేను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నాలుగుకి ముందే కిటికీ దగ్గరున్నాను. ఆ పిల్ల కాగితం చదివి, కిందకి వంగి నా కాళ్ళ వంక చూసింది. ముద్ర వేసింది. నేను తిన్నగానే నడిచి బయటికొచ్చేను. కాగితం మీద పడ్డాను గానీ, కుంటడం నా వల్ల కాలేదు.

ఆటో కోసం నిలబడ్డప్పుడు కాళ్ళు నిజంగానే లాగేయి. అన్ని నెలలు ఉన్నది ఉన్నట్టు చెప్తే ఒక నంబరు ఇచ్చి ఊరుకున్నారు. లేనిది ఒక్కటి చెప్తే ముద్ర వేసేరు. కోపం కూడా రాలేదు నాకు. కోపానికీ ఓపిక ఉండాలి కదా. ఆ లైన్లో నిలబడ్డ వాళ్ళందరికీ తెలిసే ఉంటుంది ఈ సంగతి, నాకే ఆలస్యంగా తెలిసిందేమో అనుకున్నాను.

రాత్రి అన్నం పెట్టినప్పుడు ఆయన అడిగేరు, "నిజంగా నీ పేరే రాయించేవా?"

"ఊఁ."

కాసేపు కలుపుకుని తిన్నారు. తరవాత, "ఎలాగుంది కాలు? నూనె రాయమంటావేటి?" అన్నారు.

ఎన్నో రోజుల తరవాత ఆయన వేళాకోళం ఆడడం అది. "ముందు తినండి" అన్నాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిది కాకుండానే ట్రాక్టర్ వచ్చింది. నలుగురు మనుషులు, వెనక మోటారు సైకిల్ మీద అదే మనిషి. విరిగిన ముక్కలు లాగీసి కొత్త పలక దించేరు. ఒక వైపు బొటనవేలంత ఎత్తుగా కూర్చుంది. సరి చెయ్యమంటే అంచుకి సిమెంటు పూసి, అంతకన్నా అవదన్నారు.

"పడ్డదెవరు?" అని అడిగేడు మోటారు సైకిల్ మనిషి.

"నేనే."

"ఇప్పుడెలా ఉంది?"

"పరవాలేదు."

నన్ను పలక మీద నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయేడు. ట్రాక్టర్ చప్పుడు దూరమయ్యేక మా ఆయన కర్ర తీసుకుని గుమ్మం దిగేరు. ఎత్తుగా ఉన్న అంచుని కర్రతో రెండు సార్లు తట్టి చూసుకున్నారు. నేను గేటు దగ్గరే ఆగిపోయేను. కాలెత్తి వేసి దాటేరు, మలుపు దాకా వెళ్ళేరు, తిరిగొచ్చేరు. నేను గేటు మీద పడ్డ సిమెంటు ఎండిపోకముందే కడిగీసేను.