వంకర తిరిగిన వీధి

ముందు వినిపించేది కీబోర్డు చప్పుడు. టిక్కు... టిక్కు... ఒంటివేలి నడక. కాసేపు ఆగుతుంది. ఆ తర్వాత, రాసినదంతా వెనక్కి తుడుచుకుపోయే గబగబ చప్పుడు. మేడ మీది గదిలో ఆ చప్పుడు వెనక పటాల టీచర్ కూర్చుని ఉంటుంది. ముప్పై ఏళ్ళు చుట్టచుట్టిన పటాలు చంకలో పెట్టుకుని, వరండాలు తిరుగుతూ భూగోళం చెప్పినందుకు పిల్లలు పెట్టిన పేరది.

క్లాసులు ఆన్‌లైన్‌కి మారాక పాఠం వినేవాళ్ళున్నారు గానీ మాట్లాడేవాళ్ళు లేరు. వారానికొక ప్రశ్న చర్చకు పెడుతుంది. నలభై మందీ పుస్తకంలోని అవే నాలుగు వాక్యాలు అతికించి వెళ్ళిపోతారు.

"నెలాఖరుకీ ఇంతే అయితే చర్చ తీసేద్దాం టీచర్. రికార్డు చేసిన పాఠాలు చాలు," అన్నాడు హెడ్మాస్టర్, మెత్తగానే. ఆ మెత్తదనమే గుచ్చుకుంది.

పాత గది గుర్తొచ్చేది. సుద్దపొడి తేలే ఎండచార. బెంచీ గుద్దుతూ "కాదు టీచర్!" అని అరిచే వెనక వరస. అప్పట్లో ఆ గోలకి తల పట్టుకునేది. ఇప్పుడు ఆ ఒక్క "కాదు" కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటోంది.

ఒకరోజు మేనకోడలు భుజం మీదుగా తొంగిచూసింది.

"'నదీతీరాన నగరములు వెలయుటకు కారణములు వివరింపుము.' ఇది చర్చా అత్తా, ఐదు మార్కుల ప్రశ్నా?"

"నోర్ముయ్యవే. ముప్పై ఏళ్ళుగా ఇదే అడుగుతున్నా."

"కింద నమూనా జవాబు కూడానా! ముద్ద నమిలి నోట్లో పెట్టి, ఇక తినండర్రా అంటే ఏం తింటారు?"

అత్త నవ్వలేదు. పిల్లలు తడబడతారేమోనని నమూనా పెట్టడం ఆమె అలవాటు. ఆ ప్రేమే వాళ్ళ నోళ్ళు కట్టేసిందని అప్పుడు తట్టింది. అంతా తుడిచేసి, కిటికీలోంచి చూస్తూ మళ్ళీ రాసింది:

"మా వీధి రొట్టెల కొట్టు దగ్గర ఉన్నట్టుండి వంకర తిరుగుతుంది. ఎందుకై ఉంటుంది? మీ వీధి ఎక్కడ తిరుగుతుంది? ఫొటో పెట్టండి. ఎవరి మాటైనా నమ్మబుద్ధి కాకపోతే వాళ్ళనే అడగండి."

నమూనా జవాబు కూడా పెట్టాలని మనసు లాగింది. అయినా పెట్టలేదు.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోనాడు ఒక అమ్మాయి, అక్కడ ఒకప్పుడు వాగుండేదేమో అని రాసింది. "కాదు! వాగైతే పల్లం ఉండాలిగా?" అన్నాడింకొకడు. ఎవరో వాళ్ళ తాతని అడిగొచ్చారు. సాయంత్రానికి యాభై మూడు జవాబులు. చర్చ తీసేద్దామన్న మాట హెడ్మాస్టర్ మళ్ళీ ఎత్తలేదు.

ఈ సంగతి విని, పత్రికకి రాసుకోవడానికి వచ్చిన మనిషిని గుమ్మం దాకా సాగనంపుతూ, ఆ మనిషి నోటిదాకా వచ్చిన ప్రశ్నని పసిగట్టి, టీచరే అంది:

"ఆ వంకర ఎందుకొచ్చిందో నన్నడక్కండి. నాకూ తెలీదు. తెలిసుంటే ఈపాటికి వాళ్ళకి చెప్పేసి, అంతా పాడుచేసేదాన్ని."