కొత్తల్లుడి మర్యాదా, నా కింది దవడా

మర్యాదకు పోయి పొలాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. మొహమాటానికి పోయి షష్ఠిపూర్తి నాటికి షుగర్ తెచ్చుకున్నవాళ్లనూ చూశాను. కింది దవడను పై దవడకు అందనంత దూరం పంపుకున్నవాడు మాత్రం ఈ కోనసీమ మొత్తంలో నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఇప్పుడు నొప్పి లేదు.

కొన్నేళ్ల కిందటి మాట. రాజోలు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టార్ని. నాకు గురక ఉండేది. పక్కింటివాళ్లు మా ఇంట్లో ధాన్యం మర పెట్టారేమోనని అనుకునేంత గురక. దానితో పోతే బాగుండేది. నిద్రలో ఊపిరి మధ్యమధ్య ఆగిపోయేది. అందువల్ల పగలంతా మత్తు. క్లాసులో అశోకుడు యుద్ధం మానేలోపే నేను పాఠం మానేసి కునికేవాణ్ణి. ఆదివారం చర్చిలో అందరితోపాటు ప్రార్థనకు కళ్లు మూసేవాణ్ణి. వాళ్లు ఆమెన్ అనగానే తెరిచేవారు, నేను ప్రసంగం అయ్యాక తెరిచేవాణ్ణి. చాలామంది అది భక్తి అనుకున్నారు.

నా భార్య కరుణ అనుకోలేదు. "మీరు గురక పెడితే నాకేం బాధ లేదండీ. మధ్యలో ఆగిపోతారు చూడండి, అప్పుడే నా ప్రాణం పోతుంది. కుదిపితే గానీ మళ్లీ ఊపిరి తీయరు. నేనూ నిద్రపోతే మిమ్మల్ని ఎవరు కుదుపుతారండీ?" అని ఒకరోజు బియ్యం ఏరుతూ ఏడ్చింది. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ల కింద ఎంత నల్లబడిందో. నిజంగా భయం వేసింది.

కాకినాడ వెళ్లాం. పెద్ద డాక్టరు పరీక్ష చేయించి, "నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోతోంది. మాస్కు మిషనైనా పెట్టుకోవాలి, లేదా మీకున్న తీవ్రతకు పళ్ల డాక్టరు చేసే పళ్ల తొడుగైనా సరిపోవచ్చు. అది కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది, దారి తెరుచుకుంటుంది" అన్నారు.

"పళ్ల డాక్టరా! మన అల్లుడుగారు ఉండగానా!" అన్నాను సంబరంగా. మా అన్నయ్య కూతురు జ్యోతికి అప్పుడే పెళ్లయింది. అల్లుడు సునీల్‌కు అమలాపురంలో పళ్ల ఆసుపత్రి. సరిగ్గా అక్కడే నా కొంప మునిగింది.

మా వైపు కొత్తల్లుడంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. కొత్తల్లుడు గుమ్మంలో నిలబడి సూర్యుడు పడమట పొడిచాడంటే, "ఆయ్, ఇవాళ అటు నుంచి వచ్చేడండీ" అంటాం. అలాంటి అల్లుడి ముందు నోరు తెరవడమే గొప్ప. ఆ నోటితో ఫిర్యాదు కూడానా!

అల్లుడుగారు కొలతలు తీసుకుని తొడుగు చేయించి ఇచ్చారు. "పడుకునేటప్పుడు పెట్టుకోండి చినమావయ్యగారండీ. ఈ పక్కనున్న మరలు తిప్పి కొద్దికొద్దిగా ముందుకు జరుపుదాం. దవడ నొప్పెట్టినా, పొద్దున్న పళ్లు సరిగ్గా కలవకపోయినా నాకు చెప్పాలండీ. వెనక్కి తెచ్చేస్తాను."

"ఆయ్" అన్నాను.

నొప్పెట్టింది. మామూలుగా కాదు, చెరుకుతోట మొత్తం పంటితో నమిలినట్టు. కరుణకు కన్ను అంటుకోగానే తీసి దిండు గలీబులో దాచేసేవాణ్ణి. పొద్దున్నే కడిగి డబ్బాలో పెట్టేసేవాణ్ణి, రాత్రంతా వాడినవాడిలా.

మళ్లీ అమలాపురం వెళ్లాం.

"ఎలా ఉందండీ?"

"దివ్యంగా ఉందండీ!"

"గురక తగ్గలేదండీ. ఊపిరీ ఆగుతూనే ఉంది" అంది కరుణ దిగులుగా.

"అయితే ఇంకాస్త జరపాలండీ. నొప్పేమీ లేదు కదా?"

"అబ్బే! మీరు చేసింది నొప్పెట్టడం ఏంటండీ!"

మర తిరిగింది. నొప్పి పెరిగింది. తొడుగు మళ్లీ గలీబులోకే పోయింది. తర్వాతి సారీ ఇదే ప్రశ్న, ఇదే దివ్యం, ఇదే మర. తాబేలు నడకలా ముందుకు పోయింది ఆ తొడుగు. రోగి అబద్ధమాడితే వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు?

ఇంతలో అన్నయ్యనూ జ్యోతినీ అల్లుణ్ణీ మా ఇంటికి విందుకు పిలిచాం. అందరి ముందూ అల్లుడుగారు వైద్యం సంగతి అడిగితే, గురక తగ్గలేదని కరుణ అనేస్తే ఆయన పరువు పోతుందని, ముందురోజు పడుకునేటప్పుడు పళ్లు బిగించి తెల్లవార్లూ తొడుగు ఉంచేశాను. తెల్లారి తీసి అద్దం చూసుకుంటే కింది దవడ నాకంటే ముందు గుమ్మం దాటేలా ఉంది. పై పళ్లకూ కింది పళ్లకూ మాటల్లేవు.

మధ్యాహ్నం ఆకుల ముందు కూర్చున్నాం. మటన్ కూర, రొయ్యల ఇగురు, గారెలు.

"ఏరా తమ్ముడూ, ప్రార్థన నువ్వే చెయ్యి" అన్నాడు అన్నయ్య.

నేను ప్రార్థన మొదలుపెడితే కూరలు చల్లారతాయని చర్చిలో నాకు పేరు. ఆ రోజు "స్తోత్రం ప్రభువా, ఆమెన్" అని ఊరుకున్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింది పెదవి ముందుకు పెట్టుకుని, ఒక్క ముక్కా ముట్టకుండా, చారన్నం మింగుతూ కూర్చున్నాను.

అల్లుడుగారు చెయ్యి ఆపేశారు. "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ చినమావయ్యగారండీ?"

జ్యోతి కళ్లలో నీళ్లు. అన్నయ్య మండిపడ్డాడు. "అల్లుళ్లు అలగడం చూశాం గానీ మామలు అలగడం ఎక్కడైనా ఉందట్రా!"

అలగలేదని రుజువు చేద్దామని మటన్ ముక్క తీసుకుని గట్టిగా కొరికాను. కొరకడానికి పైవాడూ కిందివాడూ కలవాలి కదా! ముక్క జారి ఎగిరి అల్లుడుగారి తెల్ల చొక్కా మీద పడింది.

ఆయన కోప్పడలేదు. దగ్గరకొచ్చి నా గడ్డం పట్టుకుని చూశారు. "నొప్పుందాండీ?"

నేను అన్నయ్య వైపు చూశాను.

"ఆయన్నేం చూస్తారు, చెప్పండి" అంది కరుణ.

"మొదటి రోజు నుంచీ ఉందండీ. అందుకే... గలీబులో పెట్టేసేవాణ్ణండీ."

కరుణ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "పెట్టుకున్నా ఆగిపోతోందే, ఇంక దీనికి మందు లేదేమో అనుకుని కుమిలిపోయేనండీ నేను! అల్లుడుగారికి మర్యాద చేశారు, బావుంది. మీకేదైనా అయితే ఆ మర్యాద పెట్టుకుని నేనేం చేసుకోనండీ?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అల్లుడుగారే నవ్వారు. "కోనసీమ రోగి బావుందంటే నమ్మకూడదని మాకు కాలేజీలో చెప్పలేదండీ. తప్పు నాదే."

తొడుగును వెనక్కి తెచ్చి, దవడకు విశ్రాంతిచ్చి, మళ్లీ మెల్లమెల్లగా జరిపారు. ఈసారి నొప్పెడితే నొప్పన్నాను. మొదటిసారి అన్నప్పుడు చెమటలు పట్టాయి గానీ అన్నాను. కొన్నాళ్లకు కాకినాడలో మళ్లీ పరీక్ష చేసి, ఊపిరి ఆగడం బాగా తగ్గిందన్నారు.

ఆ తర్వాత ఒక ఆదివారం నాకు హాయిగా మెలకువ వచ్చింది. ఎండ మంచం దాకా వచ్చేసింది. కరుణ ఇంకా లేవలేదు. మా పెళ్లయ్యాక నా కంటే ఆలస్యంగా ఆవిడ లేవడం అదే మొదలు. ఎన్నేళ్ల నిద్ర బాకీయో, నోరు కాస్త తెరిచి, నన్ను మించిన గురక! కంగారుపడి పక్కనే కూర్చుని చాలాసేపు విన్నాను. ఎక్కడా ఆగలేదు. చల్లగా, వరసగా సాగుతోంది. నాకు కళ్లు చెమర్చాయి. లేపలేదు.

లేచి గడియారం చూసి గాభరాపడింది. "అయ్యో, చర్చికి టైమైపోయింది! ఏవండీ, నేను గురక గానీ పెట్టేనా?"

"అబ్బే! నువ్వు గురక పెట్టడం ఏంటి!"

అందుచేత పాఠకమహాశయులారా, నా రెండు దవడల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మొహమాటానికి ఇక ఈ జన్మలో అబద్ధమాడను. ఇదే ఆఖరుది.