కోడ్ల మాస్టారి ఆఖరి సప్లీ

చదువు మానేసిన వాళ్లలో నా అంత ఘనంగా మానేసినవాడు ఈ చుట్టుపక్కల లేడు. నేను కాలేజీ గేటు దాటిన రోజు ప్రిన్సిపాల్ గారు రెండు నిమిషాలు మౌనం పాటించారని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి. అలాంటివాణ్ణి, నా గురించి పక్కన పెట్టి మా బావ గురించి రాస్తున్నానంటే సంగతి చిన్నది కాదని తెలుసుకోండి.

యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు మాది. మిషను నాది, కిటికీ పక్క బల్ల బావది. ఫెయిలైన పిల్లలకి సప్లిమెంటరీ దరఖాస్తులు నింపిపెట్టడం ఆయన పని. ఏ కోర్సు, ఏ సెమిస్టరు, ఏ సబ్జెక్టు అన్న మూడు ముక్కలు చెబితే చాలు, నాలుగంకెల కోడు చూడకుండా రాసేసేవాడు. కోడ్ల మాస్టారని పేరు పడిపోయింది. నిద్రలో అక్కని కూడా కోడు పెట్టే పిలుస్తాడని నేను వీధంతా చాటాను. అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇన్ని వందల మందిని గట్టెక్కించిన ఆ మాస్టారికి డిగ్రీ లేదు. ఒకే ఒక్క సబ్జెక్టు, రెండో గణితం, గొంతులో ముల్లులా ఉండిపోయింది. పదకొండుసార్లు రాశాడు. ఓసారి ముప్పై నాలుగు వచ్చాయి. ఇంకొక్క మార్కు వస్తే పాసు. రీవాల్యుయేషన్ పెడితే ముప్పై ఒకటి చేసి పంపారు.

"నీ పేపరు చూస్తే దిద్దేవాళ్లకి చుట్టం వచ్చినట్టుంటుంది బావా. పంపెయ్యడానికి మనసొప్పదు" అనేవాణ్ణి.

"నోర్ముయ్యరా వెధవా" అని నవ్వేవాడు. నా మీద ఆయనకి ఏనాడూ కోపం రాలేదు. నేను చెడిపోయింది అందుకే.

కిందటేడు నోటీసు పడింది. పాత సిలబస్ వాళ్లకి ఇదే ఆఖరి సప్లిమెంటరీ, ఆ తర్వాత ఆ పేపరే ఉండదు. సరిగ్గా అప్పుడే, పక్క వీధి కాలేజీలో లాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. అక్కడి ప్రిన్సిపాల్ బావని ఎరిగున్న మనిషి. "రిజల్ట్స్ వచ్చేదాకా ఆపి ఉంచుతాను. సర్టిఫికెట్ పట్రా, కుర్చీ నీది" అన్నాడు.

ఇక చూడండి. తెల్లారకముందే లేచి వంటగదిలో పీటేసుకుని చదివేవాడు. అప్పజెప్పించుకునేది అక్క. ఆవిడ చదువు నాకంటే రెండు తరగతులు తక్కువ. బావ సూత్రం రాసి చూపిస్తే, పుస్తకం పక్కన పెట్టుకుని గీతకి గీత, వంకరకి వంకర పోల్చి చూసేది.

"ఏమండీ, పుస్తకంలో దీనికి తోకుంది. మీరు తోక పెట్టలేదు."

"తోక కాదే, అది మైనస్."

"ఏదో ఒకటి. పెట్టండి."

దరఖాస్తులకి ఆఖరి రోజు షాపు ముందు లైను రోడ్డు దాకా పాకింది. ఆ ఏడు పిల్లలంతా మూకుమ్మడిగా తప్పింది కొత్త సిలబస్ రెండో గణితం, కోడు 4203. బావది పాత సిలబస్, 2203. పొద్దుటి నుంచి రెండొందలసార్లు నాలుగు, రెండు, సున్నా, మూడు అని రాసీ రాసీ సాయంత్రానికి తన ఫారం తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నేను కథ అందుకున్నాను. నేను పరీక్ష రాస్తుంటే ఇన్విజిలేటరు నా వెనక నిలబడి నాది చూసి కాపీ కొట్టాడనీ, పాపం ఆయన కూడా ఫెయిలయ్యాడనీ. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రాశాడు. ఫారం ఎక్కించాక సరిచూసుకోమని కంప్యూటర్లోంచి తీసిచ్చే ప్రూఫు కాపీ మీద ప్రతి పిల్లాడి చేతా అంకె అంకెకీ వేలు పెట్టించి చదివించే మనిషి, తన కాపీ మీద కళ్లు తుడుచుకుంటూ సంతకం పెట్టేశాడు.

పరీక్షకి రెండు రోజుల ముందు హాల్ టికెట్ వచ్చింది. 4203.

ఇద్దరం కౌంటరుకి పరిగెత్తాం. కిటికీ అద్దం వెనక కొత్త గుమాస్తా. ఫారం తీసి చూపించాడు.

"మీరు రాసిందే కదండీ ఇచ్చాం. సంతకం కూడా మీదే."

"పొరపాటున పడిందండీ. ఒక్క అంకె. దిద్దితే…"

"పేపర్లు ప్రింటుకి వెళ్లిపోయాయి. 2203కి ఎవరు కట్టారో వాళ్లకే పేపరు." మళ్లీ ఆయనే కాస్త జాలిపడ్డాడు. "ఎవరితో నింపించారో ఏంటో. ఎదురుగా కోడ్ల మాస్టారని ఒకాయన ఉంటాడట, ఆయన దగ్గరికెళ్లి ఉంటే మీకీ గతి పట్టేది కాదు."

నేను నోరు తెరవబోయాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నిజమేనండి" అన్నాడు.

అక్కకి చెప్పలేకపోయాడు. పరీక్ష రోజు ఆవిడ రెండు పెన్నులు జేబులో పెట్టి పంపింది. వెళ్లాడు. తనది కాని పేపరు ముందు పెట్టుకుని మూడు గంటలూ కూర్చున్నాడు. అరగంట కాగానే వెళ్లిపోవచ్చన్నా లేవలేదు.

ఇంటికొస్తే గుమ్మంలోనే అడిగింది. "ఎలా ఉందండీ పేపరు?"

"నాది రాలేదే" అని చెప్పులు విప్పకుండా మొత్తం చెప్పేశాడు.

"మళ్లీ ఎప్పుడు పెడతారు?"

"ఇక పెట్టరు."

అక్క ఆయన జేబులోంచి ఆ పెన్నులు తీసి అలమరలో పెట్టింది. కాలేజీవాళ్లు లాబ్ కుర్చీలో వేరే ఎవర్నో కూర్చోబెట్టారు. కాకపోతే ఇప్పటికీ ఆవిడ గిన్నెలు తోముతూ తోముతూ ఏదో గొణుగుతుంటుంది. చెవి పెట్టి వింటే, అది రెండో గణితంలో మూడో చాప్టరు సూత్రం. తోకతో సహా.

బావ బల్ల దగ్గరే ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు కోడు రాశాక పెన్ను పైకెత్తి ఆగుతాడు. "ఒరేయ్, ఇది రెండా, నాలుగా? చూసి చెప్పు" అంటాడు. తను రాసిందే. నేను మిషను ఆపి వచ్చి చూసి చెబుతాను.

మొన్న లైను తగ్గాక తనే అడిగాడు. "ఏంట్రా, ఈ మధ్య కోతలు కొయ్యట్లేదు? ఏదైనా చెప్పు."

"ఏం లేవు బావా" అన్నాను.

ఆయన తర్వాతి ఫారం తీసుకున్నాడు.